ఎర్త్ గుంతలో దొరకని దొంగ

బేతంచెర్ల నుంచి ఆటోలో వెనక్కి వచ్చిన ఫ్లాంజీలు కర్నూలు షెడ్డు ముందు అరుగు మీద దిగాయి. నాపరాళ్లకు నునుపు పెట్టే పాలిష్ మిషన్లకు బిగించే ఇనుప పళ్లేలవి. ఒక్కోదానికి ఆరు బోల్టు రంధ్రాలు. మొదటి రంధ్రంలో బోల్టు వేలితో తిప్పితే దిగుతుంది. రెండోదాంట్లోనూ దిగుతుంది. ఆరోదాంట్లో సుత్తితో కొట్టినా దిగదు. అక్కడి మేస్త్రీ ప్రతి ఫ్లాంజీలోనూ ఆరో రంధ్రం చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టి మరీ పంపించాడు.

షెడ్డు యజమాని ఒక్కొక్కటే కొలిచాడు. తేడా 0.3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అన్నీ ఒకే వైపుకు జరిగాయి.

"ప్రోగ్రామ్ సరిగ్గానే ఉండాదన్నా. నేనేం మార్చల్యా" అన్నాడు మిషన్ నడిపే కుర్రాడు. కడప పిల్లోడు, ఐటీఐ చదివి ఇక్కడికి వచ్చాడు. అతని గొంతులో భయం ఉంది. జాబ్ రిజెక్ట్ అయినప్పుడు అందరి చూపూ ముందు ఆపరేటర్ మీదే పడుతుందని వాడికి తెలుసు.

ఈ గాథలో మనుషుల పేర్లు, షెడ్డు ఆచూకీ ఇవ్వడం లేదు. మనుషులూ వాళ్ల మాటలూ పునఃకల్పన. పాత మిషన్లకు కంప్యూటర్ తగిలించుకున్న షెడ్లలో తరచూ కనిపించే రోగాన్ని ఒకే షెడ్డులో పెట్టి చెబుతున్నాను. రోగ లక్షణాలూ, దాన్ని పట్టుకున్న తీరూ, చేసిన వైద్యమూ మాత్రం యథార్థం.

మిషన్ పాతదే. హెచ్‌ఎంటీ వారి మిల్లింగ్ మిషన్. బరువైన పోత ఇనుప ఒళ్లు, ఇంకో తరం పని చేసినా అరగదు. దాని చేతి చక్రాలు తీసేసి, బాల్ స్క్రూలు బిగించి, మూడు మోటార్లూ వాటి డ్రైవ్‌లూ పెట్టి, ఒక మామూలు కంప్యూటర్‌తో నడిచేలా మార్చారు. స్పిండిల్ వేగం తగ్గించడానికీ పెంచడానికీ వీఎఫ్‌డీ కూడా తగిలించారు. దీన్నే రెట్రోఫిట్ అంటారు. కొత్త సీఎన్‌సీ కొనలేని వాడి పని అని దీన్ని కొందరు చిన్నచూపు చూస్తారు. ఆ మాట నాకు నచ్చదు. అమెరికాలో జాన్ పార్సన్స్ ఆలోచనతో మొదలై, ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాలలో తయారై, 1952 సెప్టెంబరులో లోకానికి చూపించిన సంఖ్యా నియంత్రణ మిల్లింగ్ మిషన్ కూడా రెట్రోఫిట్టే. సిన్సినాటి కంపెనీ హైడ్రోటెల్ మిషన్‌కు 292 వాక్యూమ్ ట్యూబులున్న నియంత్రణ పెట్టెలు తగిలించి, చిల్లుల టేపుతో నడిపించారు. సీఎన్‌సీ కుటుంబమంతా అలాంటి మార్పిడి పనిలోంచే పుట్టింది.

మళ్లీ షెడ్డుకు వద్దాం. మొదట బాల్ స్క్రూను అనుమానించారు. విప్పి చూశారు, ఆట లేదు. మోటారుకూ స్క్రూకూ మధ్య కప్లింగ్ జారుతోందేమోనని రంగు గీత గీసి చూశారు. గీత చెదరలేదు. కంప్యూటర్‌లో వైరస్ ఉందని ఒకరన్నారు. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించారు. ఆరో రంధ్రం మళ్లీ తప్పింది.

అప్పుడు షెడ్డు ఎలక్ట్రీషియన్ నోరు విప్పాడు. "నేల ఎండిపోయిందన్నా. ఈ ఎండలకి ఎర్త్ గుంతలో తడి యాడుంటాది? ఎర్త్ పట్టకుంటే డ్రైవ్‌లు ఇట్లనే తిక్క తిక్కగా చేస్తాయి. జనవరిలో బాగుండె కదా? మార్చి దాటినాకే కదా ఈ పీడ?"

సీమలో ఈ మాట కాదనడం కష్టం. కర్నూలు నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటును బాగానే తీసుకుంటుంది. ఎండాకాలంలో అది బీటలు వారి, పాతిన పైపును వదిలేసి పక్కకు ముడుచుకుంటుంది. మట్టికీ లోహానికీ మధ్య గాలి నిలుస్తుంది. కడప వైపు రాతి నేలల్లో పైపు లోతుకు దిగడమే గండం. అందుకే ఇక్కడ ఎవరి ఇంట్లో బల్బు మినుకుమన్నా, ఏ బోరు మోటారు షాకు కొట్టినా ముందు చూసేది ఎర్త్ గుంతనే. అనుభవం నేర్పిన అనుమానం అది. పైగా తేదీలు కూడా దానికి సాక్ష్యం చెబుతున్నాయి.

గుంత తవ్వారు. బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేశారు. కుర్రాడు బిందెలతో నీళ్లు పోశాడు. కర్నూలులో వేసవి నీళ్లంటే తుంగభద్ర, హంద్రీ రెండూ పక్కనే ఉన్నా ఒక్కోసారి ట్యాంకర్ కోసం ఎదురుచూడాల్సిందే. అయినా పోశారు. ఎర్త్ టెస్టర్ తెచ్చి కొలిస్తే నిరోధం దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. ఎలక్ట్రీషియన్ పని నిజంగా మంచి పని. ఎర్తింగ్‌కు మన దేశంలో ఉన్న ఐఎస్ 3043 ప్రమాణం చూసే ఏ ఇంజినీరూ దాన్ని తప్పుపట్టడు.

మర్నాడు కొత్త ఫ్లాంజీ వేశారు. ఆరో రంధ్రం తప్పింది. అంతే తప్పింది.

ఈ షెడ్డు కథలో అసలు ప్రమాదం వచ్చింది ఆ సాయంత్రమే. "గుంత బాగు చేసినా పోల్యా. అంటే ఎర్త్ తీగలోంచే ఏదో వస్తాంది. ఒకసారి ఆ పచ్చ తీగ పీకి చూద్దాం" అన్నాడు ఎలక్ట్రీషియన్. అలా పీకితే కొన్నిసార్లు మిషన్ బాగుపడినట్టే కనిపిస్తుంది కూడా. నాయిస్ కరెంటు, అంటే దారి తప్పిన అనవసరపు కరెంటు, తిరిగే ఒక దారి తెగుతుంది కాబట్టి. ఆ పీకిన తీగను మళ్లీ బిగించేవాళ్లు అరుదు. అందుకే ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను. ఎర్త్ తీగ పీకి చేసే ఏ మరమ్మతూ మరమ్మతు కాదు.

ఆ పని జరగకుండా ఆగింది ఒక పెద్దాయన వల్ల. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరైన మనిషి. యజమానికి దూరపు బంధువు, వరసకు మామ. పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాడు షెడ్డులో నిలబడి ఈ మాట విన్నాడు.

"ఏమప్పా, ఎర్త్ పీకినాక మిషన్ ఒంటికి ఫేజ్ తగిలితే ఈ పిల్లోడు చెయ్యి పెట్టేది యాడ? ఆ టేబుల్ మీదనే కదా?" అన్నాడు. ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు.

పెద్దాయన చొక్కా చేతులు మడిచి కుర్రాడి పక్కన స్టూలు వేసుకున్నాడు. మొదట ఏ తీగా ముట్టుకోలేదు, లెక్క అడిగాడు. స్క్రూ ఒక చుట్టు తిరిగితే టేబుల్ 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ చుట్టుకు కంప్యూటర్ డ్రైవ్‌కు పంపేది 2000 పల్సులు. అంటే ఒక్కో పల్సుకు 2.5 మైక్రాన్లు. ఆరో రంధ్రం దగ్గర తప్పు 0.3 మిల్లీమీటర్లు.

"నూటిరవై పల్సులు. కంప్యూటర్ పంపకుండా ఈ డ్రైవ్‌కి నూటిరవై పల్సులు ఎవరో ఇస్తాండారు. ఎవరో కనుక్కుందాం."

టేబుల్ అంచుకు డయల్ గేజి ఆనించి ముల్లు సున్నా మీద పెట్టించాడు. డ్రైవ్‌లు ఆన్. ప్రోగ్రామ్ ఏమీ లేదు. కంప్యూటర్ తెర మీద అంకెలు కదలడం లేదు. ముల్లూ కదలలేదు.

"ఇప్పుడు స్పిండిల్ తిప్పు నాయనా."

స్పిండిల్ మోటారు ఈల వేసినట్టు మోగింది. కటర్ గాల్లో తిరుగుతోంది. ఎవరూ ఏమీ ఆజ్ఞాపించలేదు. తెర మీది అంకెలు అలాగే ఉన్నాయి. డయల్ ముల్లు మాత్రం ఒక గీత జరిగింది. ఆగింది. ఇంకో గీత జరిగింది. కుర్రాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఇన్నాళ్లూ తన మీద పడిన నింద ఆ ముల్లు మీదికి దిగిపోతోంది.

తర్వాత పరీక్షలు వేగంగా సాగాయి. మెయిన్ స్విచ్ ఆపి, వీఎఫ్‌డీలో నిలవున్న విద్యుత్తు దిగేదాకా ఆగి, స్పిండిల్ మోటారు తీగలు విప్పించాడు. మళ్లీ వీఎఫ్‌డీ ఆన్ చేస్తే ముల్లు కదలలేదు. తీగలు బిగిస్తే కదిలింది. స్పిండిల్ వేగం మార్చినా ముల్లు నడకలో పెద్ద తేడా లేదు. వీఎఫ్‌డీ లోపలి క్యారియర్ ఫ్రీక్వెన్సీని 4 కిలోహెర్ట్జ్ నుంచి 12కు పెంచితే మాత్రం ముల్లు పరుగందుకుంది. అంటే దొంగ మోటారు తిరగడంలో లేడు. వీఎఫ్‌డీ కరెంటును ముక్కలు ముక్కలుగా కోసే ప్రతి కోతలోనూ ఉన్నాడు. ఆ కోత తీగల్లో పారినప్పుడే బయటికి వస్తున్నాడు.

ఎక్కడ బయటికి వస్తున్నాడో చూడ్డానికి పెద్దాయన టీ కొట్టు నుంచి చిన్న ట్రాన్సిస్టర్ రేడియో తెప్పించాడు. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ దగ్గర ఆకాశవాణి కడప కేంద్రం పట్టుకున్నాడు. కర్నూలులో సన్నగా వినిపిస్తోంది, అయినా మాట తెలుస్తోంది. రేడియోను మిషన్ చుట్టూ మెల్లగా తిప్పాడు. కంప్యూటర్ దగ్గర మాట మాటే. కూలెంట్ ట్యాంకు దగ్గరా అంతే. గోడ వెంట పోతున్న పీవీసీ పైపు దగ్గరికి రాగానే గరగరమని ఒక్క కోత, కడప కేంద్రం మునిగిపోయింది. పైపు పొడవునా అదే గోల.

"ఈ పైపులో ఏముండాది?"

ఎలక్ట్రీషియన్ తల గోక్కున్నాడు. యజమానే చెప్పాడు. మార్చిలో ఎండలు ముదిరాక ప్యానెల్ లోపలి డ్రైవ్‌లు వేడెక్కి ఆగిపోవడం మొదలైంది. పడమటి వైపు రేకు గోడకు ఆనుకుని ఉండేది ప్యానెల్. మధ్యాహ్నం ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం. అందుకని ప్యానెల్‌ను అవతలి వైపు నీడకు, కూలర్ పక్కకు మార్చారు. తీగలు చాలలేదు. స్పిండిల్ మోటారుకు బజారులో దొరికిన మామూలు నాలుగు కోర్ల కేబుల్ అతికారు. కంప్యూటర్ నుంచి డ్రైవ్‌లకు పోయే సన్నని సిగ్నల్ తీగలను కూడా పొడిగించారు. అన్నీ కలిపి నీటుగా కనిపించేలా ఒకే పైపులో దూర్చారు.

కాబట్టి తేదీలు అబద్ధం చెప్పలేదు. రోగం ఎండల వల్లే వచ్చింది. నేల ఎండిపోవడంతో దానికి సంబంధం లేదు, అంతే. ఎండకు ప్యానెల్ జరిగింది, ప్యానెల్‌తో పాటు తీగలు జరిగాయి.

తెలిసిన కారణం చేతికి అందుబాటులో ఉన్నప్పుడు తెలియని కారణం కోసం ఎవరు వెతుకుతారు? ఎలక్ట్రీషియన్‌ను నేను తప్పుపట్టను. కానీ ఎర్త్ గుంత నాయిస్‌ను మింగేస్తుందన్న నమ్మకం మన షెడ్లలో ఎంత బలంగా ఉందంటే, దాని లెక్క ఒకసారి చూడక తప్పదు.

415 వోల్టుల త్రీ ఫేజ్‌ను వీఎఫ్‌డీ ముందు సుమారు 585 వోల్టుల డీసీగా మారుస్తుంది. తర్వాత దాన్ని సెకనుకు వేల సార్లు ఆపి వదులుతూ మోటారుకు కావలసిన ఏసీని తయారుచేస్తుంది. ఆ ఆపడం, వదలడం ఎంత చురుగ్గా జరుగుతాయంటే ఒక మైక్రోసెకనుకు 5000 వోల్టుల చొప్పున వోల్టేజి ఎగసిపడడం మామూలే. పక్కపక్కన పోయే రెండు తీగల మధ్య, తీగకూ ఇనుప ఒంటికీ మధ్య కంటికి కనపడని కెపాసిటర్ ఉంటుంది. అది ఒక్క నానోఫారడ్ అనుకున్నా ప్రతి కోతలో 5 ఆంపియర్ల కరెంటు అందులోంచి దూకుతుంది. దూకేది మైక్రోసెకనులో పదో వంతు సేపే. 5 వోల్టుల సిగ్నల్‌తో నడిచే డ్రైవ్‌కు ఆ కరెంటులో చిన్న పాయ తగిలినా చాలు, అదొక పల్సు అనుకుని టేబుల్‌ను 2.5 మైక్రాన్లు జరిపేస్తుంది.

ఆ కరెంటు ఎక్కడికి పోవాలి? భూమిలోకి అనుకుంటాం. దానికి భూమితో పనిలేదు. అది వీఎఫ్‌డీలో పుట్టింది, వీఎఫ్‌డీకే తిరిగి చేరాలి. పైగా ఇంత వేగంగా మారే కరెంటుకు మామూలు తీగే పెద్ద అడ్డంకి. మీటరు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. గుంతకు పోయే పది మీటర్ల పచ్చ తీగ, పది లక్షల హెర్ట్జ్ దగ్గర 60 ఓమ్‌లకు పైగా అడ్డు నిలుస్తుంది. గుంతలో ఉప్పు వేసి తగ్గించిన కొన్ని ఓమ్‌లు దాని ముందు లెక్కలోకే రావు.

పెద్దాయన ఇదే విషయాన్ని ఎలక్ట్రీషియన్‌కు తన మాటల్లో చెప్పాడు. "పొద్దుగూకినాక పశువులు ఇల్లు చేరాల్సిందే. బండ్లబాట మూసేస్తే చేన్లోంచి తొక్కుకుంటా పోతాయి. నువ్వు బాట ఇయ్యల్యా, అవి సిగ్నల్ తీగల్లోంచి పోతాండాయి."

భూమిలోకి వదిలేస్తే కరెంటు మాయమైపోదని మన దేశం నూరేళ్ల కిందటే చూసింది. బొంబాయిలో ట్రాములు విద్యుత్తుతో నడపాలని నిర్ణయించినప్పుడు, కొలాబాలో ఉన్న భూ అయస్కాంత పరిశోధనాలయానికి చిక్కు వచ్చింది. పట్టాల నుంచి నేలలోకి కారే కరెంటు అక్కడి సున్నితమైన ముళ్లను కదిలిస్తుంది. దాని డైరెక్టర్ నానాభాయ్ మూస్, సముద్రానికి అవతల అలీబాగ్‌లో 1904లో కొత్త పరిశోధనాలయం సిద్ధం చేయించి, రెండేళ్ల పాటు రెండు చోట్లా కొలతలు తీసి సరిచూశాకే కొలాబా వదిలాడు. 1907లో బొంబాయిలో కరెంటు ట్రాము నడిచేనాటికి ముళ్లు క్షేమంగా అలీబాగ్‌లో ఉన్నాయి. అలీబాగ్ కొలతలు నేటికీ సాగుతున్నాయి. నాయిస్ పని పట్టేవాళ్లందరూ చదవాల్సిన కథ అది.

షెడ్డులో పరిశోధనాలయాన్ని జరపలేం గాని తీగలను జరపగలం. పెద్దాయన పెట్టిన షరతు ఒక్కటే. ఒకసారి ఒక మార్పే చేయాలి. చేసిన ప్రతిసారీ డయల్ గేజి చూడాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ రోగం వస్తే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

మొదట పీవీసీ పైపులోంచి సిగ్నల్ తీగలను బయటికి లాగి అడుగున్నర దూరంలో వేలాడదీశారు. ముల్లు నడక బాగా తగ్గింది, ఆగలేదు. తర్వాత అతుకులున్న మోటారు కేబుల్ తీసేసి, తీగల చుట్టూ లోహపు అల్లిక ఉండే షీల్డ్ కేబుల్ వేశారు, అదీ అవసరమైనంత పొడవే. ఇక్కడ ఎలక్ట్రీషియన్ అడ్డుపడ్డాడు. "షీల్డ్ ఒక కొనే కదా సార్ ఎర్త్ చెయ్యాల? రెండు కొనలూ చేస్తే లూప్ అయితాది."

అది విలువైన ప్రశ్న. దీని మీద పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లోనే వాదనలు నడుస్తాయి. "సిమెంటు కిల్న్ థర్మోకపుల్ తీగలకు నేనూ ఒక కొనే కట్టినా. అవి మెల్లగా మారే మిల్లీవోల్టులు, వాటి శత్రువు 50 హెర్ట్జ్. ఇది మోటారు కేబుల్. దీని అల్లిక రెండు కొనల్లోనూ చుట్టూరా పట్టాల. అప్పుడే అది బండ్లబాట" అన్నాడు పెద్దాయన. మోటారు పెట్టె దగ్గరా, ప్యానెల్ వెనక పలక మీదా రంగు గీకించాడు. తెల్లని లోహం కనిపించాక షీల్డ్ అల్లికను దాని మీద క్లాంపుతో అదిమి బిగించారు. రంగు మంచి ఇన్సులేటర్. ప్యానెల్ అందంగా ఉండాలని వేసిన రంగే చాలాచోట్ల ఈ పని చెడగొడుతుంది.

స్పిండిల్ ఆన్ చేశారు. ముల్లు సున్నా మీద ఉంది. క్యారియర్ 12 కిలోహెర్ట్జ్‌కు పెంచారు. సున్నా. కుర్రాడు టీ తెచ్చి ఇచ్చాడు, తాగారు, మళ్లీ చూశారు. సున్నా.

అక్కడితో ఆపేయవచ్చు. పెద్దాయన ఆపలేదు. ఈ రోజు ఆగిన నాయిస్ రేపు ఇంకో మోటారు తగిలిస్తే తిరిగి రావచ్చు. అందుకని సిగ్నల్ తీగలను కూడా గట్టిపరిచాడు. ఒక్కో సిగ్నల్‌కు రెండు తీగల మెలి. ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగేలా పంపే చిన్న లైన్ డ్రైవర్ బోర్డు కంప్యూటర్ వైపు, తేడాను మాత్రమే చదివే రిసీవర్ డ్రైవ్ వైపు. బయటి గోల రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది, తేడా తీస్తే పోతుంది. మెలి తీగల ఉపాయం కొత్తదేమీ కాదు. పక్కనున్న లైన్ల గోల టెలిఫోన్‌లో వినపడకుండా అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. సిగ్నల్ తీగలు పవర్ తీగలను దాటాల్సిన ఒక్క చోట అడ్డంగా, మూలమట్టానికి దాటించారు.

ఇంకో చిన్న పీడ మిగిలింది. కూలెంట్ పంపు ఆగినప్పుడల్లా లిమిట్ స్విచ్ తగిలినట్టు మిషన్ నిలిచిపోతోంది. కాంటాక్టర్ కాయిల్ వదిలేటప్పుడు కొట్టే వోల్టేజి దెబ్బ అది. కాయిల్‌కు అడ్డంగా రెసిస్టర్, కెపాసిటర్ కలిపిన స్నబ్బర్ పెట్టారు. లిమిట్ స్విచ్‌లను 5 వోల్టుల నుంచి 24కు మార్చి మధ్యలో ఆప్టోకప్లర్ వేశారు. ఆ ఆగడం పోయింది.

ఫ్లాంజీలు మళ్లీ చేశారు. ఆరు రంధ్రాల్లోనూ బోల్టు వేలితో దిగింది. పాత రిజెక్టుల్లో పనికొచ్చేవాటిని రంధ్రాలు పెద్దవి చేసి బేతంచెర్ల మేస్త్రీ తక్కువ ధరకు తీసుకున్నాడు.

ఎర్త్ గుంతను పూడ్చలేదు. దానికి సిమెంటు చట్టం కట్టి మూత వేయించాడు యజమాని. వేసవిలో తడి చూసే పని ఎలక్ట్రీషియన్‌దే. ఇన్సులేషన్ చెడి ఫేజ్ ఇనుప ఒంటిని తాకిన రోజున ఆ కరెంటుకు దారి దొరికి బ్రేకర్ పడాలి, మనిషికి దెబ్బ తగలకూడదు. ఎర్త్ ఉన్నది అందుకు.

ఆ వేసవిలోనే కుర్రాడు సెలవుకు కడప వెళ్లాడు. అక్కడ పారిశ్రామికవాడలో వాడి చిన్నాన్నకు తెలిసిన షెడ్డు ఉంది, టేకు తలుపుల మీద చెక్కడాలు చేసే రూటర్ పెట్టారు. చెక్కుతూ చెక్కుతూ మధ్యలో ఆగిపోతోందని గోల. వాడు డయల్ గేజి, రేడియో రెండూ పట్టుకుని పోయాడు. అక్కడ షీల్డ్ కేబులే వేశారు, సిగ్నల్ తీగలు కూడా దూరంగానే ఉన్నాయి. ప్యానెల్ తెరిచి చూస్తే షీల్డ్ అల్లికను జడలా మెలేసి, జానెడు తోక చేసి, టెర్మినల్ స్క్రూ కింద పెట్టారు. చూడ్డానికి బిగువుగానే ఉంది. కోటి హెర్ట్జ్ దగ్గర ఆ జానెడు తోకే పది ఓమ్‌లకు పైగా అడ్డు. వాడు మెయిన్ స్విచ్ ఆపించి, తోక కోసేసి, కేబుల్ పైపొర ఒలిచి, పలక మీద రంగు గీకి, అల్లికను చుట్టూరా క్లాంపుతో పట్టించాడు. పచ్చ తీగను ముట్టుకోలేదు. మధ్యాహ్నం అన్నానికి ముందే రూటర్ తలుపు మొత్తం ఆగకుండా చెక్కింది. సాయంత్రం చిన్నాన్న ఇంకో షెడ్డు ఫోన్ నంబరు ఇచ్చాడు.